ఒకే కలం, మూడు నమోదులు: అరబీ అక్షరానికి ఒట్టోమన్ దర్బారు చేసిందేమిటి?

2021 డిసెంబరులో యునెస్కో అమూర్త వారసత్వ సమావేశంలో ఒక చిత్రం జరిగింది. టర్కీ తన సంప్రదాయ లేఖన కళను ‘హుస్న్-ఇ-హత్’ పేరుతో జాబితాలోకి ఎక్కించుకుంది. అదే సమావేశంలో సౌదీ అరేబియాతో కలిసి 16 అరబ్ దేశాలు ‘అరబీ లేఖన కళ’ పేరుతో ఇంకో నమోదు సాధించాయి. ఇరాన్ కూడా ఊరుకోలేదు. తన లేఖన కళను కాపాడుకోవడానికి నడుపుతున్న కార్యక్రమానికి మంచి పరిరక్షణ పద్ధతుల రిజిస్టరులో చోటు తెచ్చుకుంది. ముగ్గురూ రాసేది ఒకే లిపి కుటుంబంలో. ముగ్గురి చేతిలో ఉండేదీ రెల్లు కలమే. మరి ఇది ఎవరి కళ?

ఈ చిక్కుకు తోడు ఇంకో రెండు అపోహలు ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. అయా సోఫియా 2020లో మళ్ళీ మసీదు అయ్యాక ఇస్తాంబుల్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫొటోల్లో గోడల మీది పెద్ద గుండ్రటి పలకలు తరచుగా కనిపిస్తున్నాయి. వాటి కింద కామెంటు ఒకటే: “ఇస్లాంలో బొమ్మలు నిషేధం కదా, అందుకే అక్షరాలు పెట్టుకున్నారు.” టర్కీలోకి అచ్చుయంత్రం ఆలస్యంగా రావడానికి ఈ లేఖకులే కారణమన్న మాట ఇంకోటి. రెండింట్లోనూ కాస్త నిజం ఉంది, కాకపోతే అది కాస్తే.

నాకు అర్థమైనంతలో సంగతి ఇది: లిపి అరబ్బులది, కొలత బాగ్దాద్‌ది. ఇస్తాంబుల్ నుంచి ఏలిన టర్కీ సుల్తానులు, అంటే ఒట్టోమన్లు కొత్తగా కనిపెట్టింది తక్కువ. వాళ్ళు చేసిన పని ఏరడం. ముందువాళ్ళ రాతలోంచి మంచి అక్షరాన్ని ఏరి, దాన్ని శిష్యుడికి అప్పజెప్పి, ఆ శిష్యుడి రాతలోంచి మళ్ళీ ఏరి, ఇలా నాలుగు వందల ఏళ్ళు ఆగకుండా చేశారు. ఆ పనికి దర్బారు డబ్బు, గౌరవం రెండూ ఇచ్చింది.

ముందు మనుషులు ఎవరెవరో తేల్చుకుందాం

అందంగా, కొలత ప్రకారం రాసే అరబీ రాతను ‘ఖత్’ అంటారు. టర్కీ నోట అది ‘హత్’. రాసే కళాకారుడు ఖత్తాత్. మనం దర్బారు లేఖకులు అని ఒకే గాటన కట్టేసే వాళ్ళలో నిజానికి నాలుగైదు రకాల మనుషులున్నారు.

కాతిబ్ అంటే ఆఫీసు రాతకోలు మనిషి. సుల్తాను దివాన్‌లో ఫర్మానాలు రాసేది వీళ్ళే. ఫర్మానాల కోసం దివానీ అనే లిపి వాడేవాళ్ళు. అందులో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ, పంక్తి చివర పైకి లేస్తూ ఉంటుంది. మధ్యలో ఇంకెవరూ ఒక్క మాట కూడా ఇరికించలేరు. ఖజానా లెక్కలకు సియాకత్ అనే మరో లిపి ఉండేది. దానికి చుక్కలు దాదాపు పెట్టరు. అలవాటున్న గుమాస్తాకు తప్ప ఇతరులకు అది కొరుకుడు పడదు. సుల్తాను ముద్ర అయిన తుగ్రా వేయించే బాధ్యత ఒక పెద్ద అధికారిది, ఆయన్ని నిషాన్జీ అనేవారు.

ఇక నక్కాష్ అంటే చిత్రకారుడు, నమూనాలు గీసేవాడు. ముజహ్హిబ్ అంటే బంగారు పూత పని చేసేవాడు. వీళ్ళు ‘ఎహ్ల్-ఇ హిరెఫ్’ అనే రాజప్రాసాద కళాకారుల వ్యవస్థలో జీతగాళ్ళు. జీతాల చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. 16వ శతాబ్దంలో తబ్రీజ్ నుంచి వచ్చిన షాకులు, పువ్వుల నమూనాలకు పేరుపడ్డ కరా మెమీ ఈ కోవకు చెందినవాళ్ళు.

గొప్ప ఖత్తాత్‌లు మాత్రం చాలామంది ఈ చిట్టాల బయటి మనుషులు. వాళ్ళలో ఇమాములున్నారు, న్యాయాధికారులున్నారు, మదరసా గురువులున్నారు. అయా సోఫియా పలకలు రాసిన ముస్తఫా ఇజ్జత్ ఎఫెందీ (1801–1876) కజాస్కర్, అంటే అత్యున్నత న్యాయాధికారి. మంచి గాయకుడు, నే అనే వేణువు వాయించేవాడు కూడా. ‘ఆస్థాన కళాకారుడు’ అనే మాట చిత్రకారుడికి సరిపోయినంతగా ఖత్తాత్‌కు సరిపోదు. ఖత్తాత్ చాలాసార్లు సుల్తానుకు నౌకరు కాదు, గురువు. 17వ శతాబ్దపు ఖత్తాత్ హాఫిజ్ ఉస్మాన్ రాస్తుంటే సుల్తాన్ రెండవ ముస్తఫా సిరాబుడ్డి పట్టుకుని నిలబడేవాడట. “మీలాంటివాడు మళ్ళీ పుడతాడా?” అని సుల్తాన్ అడిగితే, “గురువుకు సిరాబుడ్డి పట్టే సుల్తానులు ఉన్నంతకాలం పుడుతూనే ఉంటారు” అన్నాడని చెప్పుకుంటారు. అచ్చం ఇలాంటి కథే అంతకుముందరి సుల్తాన్ బాయెజీద్, ఆయన గురువు షేక్ హమ్దుల్లాల గురించీ ఉంది. కాబట్టి జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం. ఆ సమాజం ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టిందో కథ చెబుతోంది.

బాగ్దాద్ చుక్క: అందానికి కొలబద్ద

తొలి శతాబ్దాల ఖురాన్ ప్రతులు ఎక్కువగా కూఫీ అనే కోణాల లిపిలో ఉండేవి. గుండ్రటి లిపులు వాడుకలో ఉన్నా, ఎవరి దస్తూరి వాళ్ళది. వాటిని కొలతలోకి తెచ్చిన ఘనత అబ్బాసీ ఖలీఫాల దగ్గర వజీరుగా చేసిన ఇబ్న్ ముక్లా (886–940)కు ఇస్తారు. రాజకీయాల్లో ఇరుక్కుని, కుడిచేయి నరికించుకుని, జైల్లో చనిపోయాడు. ఆయన పేరు మిగిలింది కొలతలోనే.

ఆ కొలత ఇలా పనిచేస్తుంది. రెల్లు కలం నోటిని ఏటవాలుగా కోస్తారు. కాగితం మీద ఆనించి కాస్త లాగితే మూలమీద నిలబడ్డ చతురస్రంలాంటి చుక్క పడుతుంది. అదే కొలబద్ద. సులుస్ లిపిలో నిలువు గీత అయిన అలిఫ్ ఎత్తు సుమారు ఏడు చుక్కలు, నస్ఖ్ లిపిలో ఐదు. మూడు మిల్లీమీటర్ల నోరున్న కలం అనుకుందాం. చుక్క ఈ కొన నుంచి ఆ కొనకు నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ వస్తుంది. ఏడు చుక్కలు పేర్చితే అలిఫ్ దాదాపు మూడు సెంటీమీటర్లు. కలం మారితే చుక్క మారుతుంది, చుక్కతో పాటు అక్షరం మొత్తం మారుతుంది, నిష్పత్తి మాత్రం కదలదు. మిగతా అక్షరాల కడుపు ఎంత, తోక ఎంత, రెండింటి మధ్య ఖాళీ ఎంత అన్నీ ఈ చుక్కలతోనే లెక్క. గురువులు శిష్యుల రాతను దిద్దేటప్పుడు అక్షరం పక్కనే ఎర్ర సిరాతో చుక్కలు పెట్టి చూపిస్తారు.

ఇబ్న్ ముక్లా తర్వాత ఇబ్న్ అల్ బవ్వాబ్ వచ్చాడు. ఆయన రాసిన ఖురాన్ ఒకటి డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. మూడో పెద్ద పేరు యాకూత్ అల్ ముస్తాసిమి. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను తగలబెడుతుంటే ఈయన ఒక మినారు ఎక్కి కూర్చుని, కాగితం దొరక్క బట్ట మీద సాధన చేశాడని కథ. కలం నోటిని మరింత ఏటవాలుగా కోసి గీతకు సన్నం, లావు తేడా పెంచింది ఈయనే అంటారు. ‘ఆరు కలాలు’ అని పిలిచే సులుస్, నస్ఖ్, ముహక్కక్, రైహానీ, తౌకీ, రికా లిపులు యాకూత్ చేతిలో స్థిరపడ్డాయి. ఈయన రాసిందిగా చెప్పే ఖురాన్ మన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఉంది. మొఘల్ చక్రవర్తుల చేతుల మీదుగా వచ్చిన ప్రతి అది.

ఇంతవరకు కథలో టర్కీ లేదు. అరబ్ దేశాలు ఇది మాది అంటే అందుకు ఆధారం ఈ మూడు వందల యాభై ఏళ్ళే.

అమాస్యా గురువు, ఖజానాలోని పాత కాగితాలు

షేక్ హమ్దుల్లా (1436–1520) ఉత్తర అనతోలియాలోని అమాస్యా ఊరివాడు. యువరాజు బాయెజీద్ ఆ ఊరికి గవర్నరుగా ఉన్నప్పుడు అతనికి రాత నేర్పాడు. 1481లో బాయెజీద్ సుల్తాన్ అయ్యి గురువును ఇస్తాంబుల్‌కు పిలిపించుకున్నాడు. తర్వాత జరిగిందే ముఖ్యం. ఖజానాలో ఉన్న యాకూత్ రాతలన్నీ తీసి గురువు ముందు పెట్టి, దీన్ని దాటి ఇంకో దారి తియ్యడం సాధ్యమా అని సుల్తాన్ అడిగాడట. హమ్దుల్లా నలభై రోజులు ఒంటరిగా కూర్చుని, ఆ రాతల్లోంచి తన కంటికి బాగున్న అక్షరాలను ఒక్కొక్కటీ ఏరి, వాటి ఆధారంగా కొత్త శైలి స్థిరపరిచాడు.

నలభై రోజుల లెక్క సంప్రదాయానిది, నమ్మక్కర్లేదు. కానీ ఫలితం కళ్ళముందుంది. ఆయన తర్వాత ఒట్టోమన్ నస్ఖ్ మెత్తబడింది. ఖురాన్ మొత్తం చదవడానికి హాయిగా ఉండే లిపి అయ్యింది. ఆరు కలాల్లో ముహక్కక్, రైహానీ క్రమంగా మూలపడ్డాయి. ఆరింటిని ఎవరూ నిషేధించలేదు, ఏరగా ఏరగా ప్రధానంగా సులుస్, నస్ఖ్ రెండే మిగిలాయి. హమ్దుల్లా విలువిద్యలోనూ దిట్ట. ఓక్‌మైదాన్ విలుకాళ్ళ మఠానికి పెద్దగా ఉన్నాడు. విల్లు పట్టే చేతికి, కలం పట్టే చేతికి ఏదో సంబంధం ఉందని అప్పటివాళ్ళు నమ్మేవారు.

రెండు శతాబ్దాల తర్వాత హాఫిజ్ ఉస్మాన్ (1642–1698) ఇదే పని హమ్దుల్లా మీద చేశాడు. హమ్దుల్లా రాసిన ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలుంటే వాటిలో ఒకదాన్ని నిలిపి మిగతావి వదిలేశాడు. ఆపైన ముస్తఫా రాకిమ్ (1758–1826), ఆయన అన్న ఇస్మాయిల్ జుహ్దీ కలిసి హాఫిజ్ ఉస్మాన్ రాతలోంచి ఏరారు. 19వ శతాబ్దంలో మెహ్మద్ షౌకీ వాళ్ళ రాతలోంచి ఏరాడు. ఈ గొలుసును చూస్తే ఎవరు ఎక్కడ కొత్తదనం తెచ్చారో చెప్పడం కొంచెం కష్టమే. ప్రతివాడూ నేను గురువునే అనుసరించానంటాడు. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం 1500 నాటి పేజీ, 1880 నాటి పేజీ ఒకటి కావు.

అందరూ ఈ దారిలో నడవలేదు. సుల్తాన్ సులేమాన్ కాలంలో అహ్మద్ కరాహిసారీ (1556లో చనిపోయాడు) హమ్దుల్లాను పక్కనబెట్టి నేరుగా యాకూత్ పద్ధతికే వెళ్ళాడు. కలం ఎత్తకుండా గొలుసుకట్టుగా రాసిన ఆయన బిస్మిల్లా (‘అల్లా పేరుతో’ అని మొదలయ్యే వాక్యం) చూస్తే ఇప్పటి డిజైనర్లు కూడా ముక్కున వేలేసుకుంటారు. తోప్‌కాపీ ప్యాలెస్‌లో ఉన్న ఆయన పెద్ద ఖురాన్ ఎత్తు అరవై సెంటీమీటర్ల పైమాటే. ఆయన పోయాక దశాబ్దాలకు గాని అది పూర్తి కాలేదు. దాన్ని పూర్తి చేసింది శిష్యుడు, పెంపుడు కొడుకు హసన్ చెలెబీ అని పండితుల అంచనా. ఇంత ప్రతిభ ఉన్నా ఆ శాఖ ఒకటి రెండు తరాలకు మించి నిలవలేదు. శిష్యులు తక్కువ కావడం ఒక కారణం కావచ్చు. రోజువారీ ఖురాన్ ప్రతులకు హమ్దుల్లా నస్ఖ్ ఎక్కువ అనువుగా ఉండటం ఇంకోటి. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది.

మసి, తెల్లసొన, పట్టు పీచు

ఏరడం సాధ్యం కావాలంటే దిద్దడం సాధ్యం కావాలి. దానికి వీలిచ్చింది సామాను.

కాగితాన్ని ఉన్నది ఉన్నట్టు వాడరు. ముందు రంగు పట్టించి, దానిమీద ‘అహర్’ అనే పూత పూస్తారు. గంజి ఒక రకం, పటికతో గిలక్కొట్టిన కోడిగుడ్డు తెల్లసొన ఇంకో రకం. ఆరాక నున్నటి రాయితోనో గాజుతోనో గట్టిగా రుద్ది మెరుగు పెడతారు. ఆపైన కనీసం ఏడాది ఊరనిస్తారు. తొందరపడి వాడితే పూత పగులుతుంది. ఇంత శ్రమ ఎందుకంటే, పూత వల్ల సిరా కాగితంలోకి ఇంకదు, పైనే కూర్చుంటుంది. తప్పు పడితే తడి వేలితోనో నాలుకతోనో తుడిచెయ్యచ్చు. నాలుకతోనే తుడిచేవారు. టర్కీలో చదువుకున్నవాణ్ణి ఇప్పటికీ ‘సిరా నాకినవాడు’ అంటారు.

సిరా అంటే దీపం మసి, తుమ్మబంక, నీళ్ళు. కష్టమంతా నూరడంలో ఉంది. గంటలు కాదు, రోజులు నూరాలి. దూరప్రయాణం చేసే ఒంటెలకు సిరా సీసాలు కట్టి పంపేవారట, కుదుపులకు అదే కలిసిపోతుందని. ఇస్తాంబుల్ సులేమానియే మసీదును (1550–57) కట్టిన సినాన్, వేల దీపాల మసి గాలివాటుకు ఒకచోటికే చేరేలా కట్టడంలోనే ఏర్పాటు చేశాడనీ, ఆ మసితో సిరా చేసేవారనీ చెబుతారు.

సిరాబుడ్డిలో పచ్చి పట్టు పీచు కుక్కుతారు. కలం ముంచితే పీచు మీద ఉన్నంత సిరానే అంటుతుంది, బొట్టు జారదు. పంక్తులు గీయడానికి పెన్సిలు వాడరు. ఒక అట్టకు పట్టుదారాలు బిగించి, దాని మీద కాగితం వేసి బొటనవేలితో నొక్కుతారు. రంగు లేకుండా గీతల అచ్చు మాత్రం పడుతుంది. ఎముక లేదా దంతపు పలక మీద కలం నోరు కోస్తారు. ఆ కోత సరిగా పడకపోతే మిగతాదంతా వృథా.

సుల్తాన్ తుగ్రాను చదివి చూద్దాం

ఒట్టోమన్ నాణేల మీద, కోట గుమ్మాల మీద, ఫర్మానాల నెత్తిన కనిపించే అల్లిక తుగ్రా. చూడటానికి బొమ్మలా ఉన్నా అది వాక్యమే. మనకు తెలిసినంతలో పాతది 1324 నాటి సుల్తాన్ ఓర్హాన్‌ది. అందులో పేరు, తండ్రి పేరు మాత్రమే ఉన్నాయి. పోనుపోను మాటలు చేరాయి.

సులేమాన్ తుగ్రా తీసుకుందాం. పాఠం ఇది: ‘సులేమాన్ షా బిన్ సెలీమ్ షా ఖాన్, అల్ ముజఫ్ఫర్ దాయిమా.’ సెలీమ్ కొడుకు సులేమాన్, ఎల్లప్పుడూ విజేత అని అర్థం. చదవడం కింది నుంచి మొదలుపెట్టాలి. అడుగున చిక్కగా పేర్చిన భాగం పీఠం, పేర్లన్నీ అక్కడే ఉన్నాయి. ఎడమవైపు ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు పెద్ద కోడిగుడ్డు ఆకారాలున్నాయి కదా, అవి ‘బిన్’, ‘ఖాన్’ మాటల చివర ఉండే ‘నూన్’ అక్షరాలను సాగదీసి తిప్పినవి. లోపలి గుడ్డులో ‘దాయిమా’ ఉంటుంది. పైకి మూడు నిలువు గీతలు, వాటి మీంచి గాలికి ఊగే జెండాల్లా జారే వంపులు. కుడివైపు దూసుకుపోయే రెండు చేతులు ఆ గుడ్ల గీతల కొనసాగింపే.

ఇక్కడో మెలిక ఉంది. మూడు నిలువు గీతలు మొదట్లో నిజమైన అక్షరాలే. తర్వాతి సుల్తానుల పేర్లలో అన్ని నిలువు అక్షరాలు లేకపోయినా మూడు గీతలు మూడుగానే ఉండిపోయాయి. అంటే రాత ముద్ర అయ్యింది. 16వ శతాబ్దంలో బంగారం, నీలంతో గుడ్ల మధ్య ఖాళీలను పువ్వులతో నింపేవారు. అది నక్కాష్‌ల పని. ముస్తఫా రాకిమ్ వచ్చి ఆ నగలన్నీ తీసేసి, గీతల నిష్పత్తిని సరిచేసి, రెండవ మహ్మూద్ (పాలన 1808–39) కోసం తుగ్రాకు చివరి రూపం ఇచ్చాడు. తర్వాత వచ్చినవాళ్ళు అదే వాడారు.

కలం చాలనంత పెద్ద అక్షరం

ఇక ఆ గుండ్రటి పలకల సంగతి. అయా సోఫియాను 1847–49లో ఇటాలియన్ మాట్లాడే స్విస్ వాస్తుశిల్పులు ఫొస్సాటీ సోదరులు మరమ్మతు చేశారు. అప్పుడు సుల్తాన్ అబ్దుల్‌మజీద్ కోరికపై ముస్తఫా ఇజ్జత్ ఎఫెందీ రాసినవి ఇవి. మొత్తం ఎనిమిది: అల్లా, ముహమ్మద్, నలుగురు ఖలీఫాలు అబూబకర్, ఉమర్, ఉస్మాన్, అలీ, ప్రవక్త మనవలు హసన్, హుసేన్. ఒక్కో పలక అడ్డం సుమారు ఏడున్నర మీటర్లు. గీత వెడల్పు 35 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. చుక్కల లెక్క వేసి చూడండి: చుక్క కొన నుంచి కొనకు అర మీటరు, ఏడు చుక్కల అలిఫ్ మూడు మీటర్లు దాటుతుంది.

ఇంత కలం ఎవరూ పట్టలేరు. అందుకని నల్ల కాగితం మీద పసుపు సిరాతో చిన్నగా రాసి, రోజుల తరబడి అంచులు దిద్ది, గళ్ళు గీసి పెంచేవారు. పెద్దగా వచ్చాక అక్షరం అంచు వెంట సూదితో సన్నగా పొడుస్తారు. ఆ కాగితాన్ని గోడకో పలకకో ఆనించి పొడి మూటతో తడితే రంధ్రాల్లోంచి పొడి దిగి గీత పడుతుంది. జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసేవాళ్ళు ట్రేసింగ్ పేపరుకు రంధ్రాలు పొడిచి డిజైన్ దించుకోవడం చూసినవారికి ఈ పద్ధతి వేరే చెప్పక్కర్లేదు. నల్ల కాగితం మీది మూలం పాడవదు కాబట్టి ఒకే కూర్పు పదిచోట్లకు పనికొచ్చేది.

పెంచినంత మాత్రాన అందం రాదు. చిన్న కలంతో బాగున్న అక్షరం ఇరవై మీటర్ల ఎత్తున కుంచించుకుపోయి, బలహీనంగా కనిపిస్తుంది. 18వ శతాబ్దం దాకా ఇస్తాంబుల్ మసీదుల పెద్ద రాతల్లో ఈ లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేసిందీ రాకిమే. కింద నిలబడి చూసే కంటిని లెక్కలోకి తీసుకుని నిష్పత్తులు మార్చాడు. 1826లో పూర్తయిన నుస్రతియే మసీదులో లోపలి గోడ చుట్టూ తిరిగే ఆయన పట్టీ చూస్తే ఆ తేడా తెలుస్తుంది. రాకిమ్‌కు బొమ్మలు వెయ్యడమూ వచ్చు. మూడవ సెలీమ్ రూపచిత్రం గీసి మెప్పు పొందాడంటారు. దృక్కోణం పట్టుబడటానికి అది సాయపడిందని కొందరి వాదన.

అయా సోఫియా మ్యూజియం అయినప్పుడు ఈ పలకల్ని కిందికి దించారు. బయటికి తీసుకెళ్దామంటే తలుపుల్లో పట్టలేదు. 1949లో మళ్ళీ గోడకెక్కించారు.

‘బొమ్మలు నిషేధం కాబట్టే అక్షరాలు’: ఎంతవరకు నిజం?

ఈ వాదనకు బలం లేకపోలేదు. ప్రాణుల బొమ్మలు వేసేవారిని తప్పుపట్టే హదీసులు (ప్రవక్త మాటలుగా చెప్పేవి) ఉన్నాయి. మసీదుల్లో, ఖురాన్ ప్రతుల్లో మనుషుల బొమ్మలు ఉండవు. గోడ ఖాళీగా ఉంటే దాన్ని నింపడానికి అక్షరం, పువ్వు, గళ్ళ అల్లిక మిగులుతాయి. ప్రతిభ అటు మళ్ళిందనుకోవడం సహజం.

ఎదుటి వాదన ప్యాలెస్ లైబ్రరీలో దొరుకుతుంది. సుల్తాన్ రెండవ మెహ్మద్ వెనిస్ నుంచి జెంటిలే బెల్లినీని పిలిపించి 1480 ప్రాంతంలో తన చిత్రం వేయించుకున్నాడు. 1582లో యువరాజు సున్తీ వేడుకలను నక్కాష్ ఉస్మాన్ బృందం వందల చిత్రాల్లో దించింది. 1720 వేడుకల పుస్తకానికి లెవ్నీ 137 చిత్రాలు వేశాడు. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్‌మజీద్ అయితే స్వయంగా నూనెరంగుల చిత్రకారుడు. అంతఃపురంలో ఆడవాళ్ళు పాశ్చాత్య సంగీతం వాయిస్తున్న దృశ్యం కూడా వేశాడు. ఈయన కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం పెద్దకొడుకు ఆజంజా భార్యగా హైదరాబాద్ కోడలైంది. పాతబస్తీలో ఆమె పేరున ఆసుపత్రి ఉంది.

కాబట్టి బొమ్మలు లేక కాదు. బొమ్మ ఉండాల్సిన చోటు వేరు, అక్షరం ఉండాల్సిన చోటు వేరు. బొమ్మ పుస్తకంలో, రాజు కంటికి. అక్షరం గోడ మీద, అందరి కంటికి. అక్షరానికి గౌరవం దక్కింది బొమ్మ లేకపోవడం వల్ల కన్నా, దైవవాక్కును మోస్తుందన్న నమ్మకం వల్ల.

రెండు వాదనలూ కలిసే చోటు ఒకటుంది: హిల్యే. ప్రవక్త రూపం ఎలా ఉండేదో అల్లుడు అలీ చెప్పిన వర్ణనను పలక మీద రాసి ఇంట్లో వేలాడదీస్తారు. దీని కూర్పును స్థిరపరిచింది హాఫిజ్ ఉస్మాన్. పైన బిస్మిల్లా. మధ్యలో పెద్ద వృత్తం, అందులో వర్ణన. ఆ వృత్తం చుట్టూ బంగారు నెలవంక. నాలుగు మూలల్లో నలుగురు ఖలీఫాల పేర్లు. కింద ఖురాన్ వాక్యం, దాని కింద మిగిలిన వర్ణన, ప్రార్థన, రాసినవాడి సంతకం. ముఖచిత్రం ఉండాల్సిన చోట ముఖవర్ణన ఉందన్నమాట. బొమ్మకు బదులు అక్షరం అనేవారికి ఇదే గట్టి సాక్ష్యం. 1780లో పుట్టిన ఎస్మా ఇబ్రెత్ హానిమ్ అనే ఖత్తాత్ చిన్న వయసులోనే హిల్యే రాసి పేరు తెచ్చుకుంది. ఆడవాళ్ళు తక్కువే, కానీ లేకపోలేదు.

అచ్చుయంత్రాన్ని ఆపింది లేఖకులేనా?

1493 నాటికే ఇస్తాంబుల్‌లో యూదుల హీబ్రూ అచ్చు ఉంది. 1567లో ఆర్మీనియన్ అచ్చు వచ్చింది. అరబీ లిపిలో టర్కీ పుస్తకాలు అచ్చువేయడానికి ఇబ్రహీం ముతెఫెర్రికాకు అనుమతి దొరికింది 1727లో, తొలి పుస్తకం వచ్చింది 1729లో. అదీ మతగ్రంథాలు ముట్టకూడదన్న షరతుతో. ఇంత ఆలస్యం ఎందుకు?

ఒక వాదన: పొట్టకొడుతుందని వేలమంది నకలు రాతగాళ్ళు అడ్డుపడ్డారు. 17వ శతాబ్దపు యూరప్ యాత్రికుడు మార్సిలీ ఇస్తాంబుల్‌లో 90 వేలమంది లేఖకులున్నారని రాశాడు. ఊరి జనాభాతో పోల్చితే ఈ అంకె అతిశయోక్తి అని ఇప్పటి చరిత్రకారులు తేల్చేశారు. బాయెజీద్ 1485లో అచ్చును నిషేధించాడన్న మాటకు అసలు ఫర్మానా ఎక్కడా దొరకలేదు.

ఇంకో వాదన గిరాకీ గురించి. ముతెఫెర్రికా తన జీవితంలో 17 పుస్తకాలు వేశాడు. ఆయన పోయేనాటికి కొన్ని ప్రతులు అమ్ముడుపోక మిగిలాయి. అరబీ అక్షరం మాటలో ఎక్కడ పడితే అక్కడ రూపు మార్చుకుంటుంది, ఒకదానికొకటి కలుస్తుంది. సీసపు అచ్చులో అది ముక్కలుముక్కలుగా కనిపించేది. చేతిరాతకు అలవాటుపడ్డ కంటికి నచ్చలేదు.

దీనికి మంచి రుజువు తర్వాతి శతాబ్దంలో ఉంది. రాతిమీద రాసి అచ్చుతీసే లిథోగ్రఫీ రాగానే అభ్యంతరం సద్దుమణిగింది, ఎందుకంటే అందులో ఖత్తాత్ చేతిరాతే అచ్చవుతుంది. 1870ల్లో ఇస్తాంబుల్‌లో ఖురాన్ అచ్చయింది ఇలాగే, హాఫిజ్ ఉస్మాన్ రాత లక్షల ఇళ్ళకు చేరిందీ ఇలాగే. చెన్నైలో 1927లో మొదలైన ఉర్దూ పత్రిక ‘ది ముసల్మాన్’ను కాతిబ్‌లు చేత్తో రాసి, దాన్ని ప్లేటు తీసి ఆఫ్‌సెట్‌లో వేశారు. అచ్చుతో వాళ్ళకు పేచీ లేదు, పోతపోసిన అక్షరంతోనే. జీవనోపాధి భయం అసలు లేదనడం మాత్రం తప్పు. అది ఉన్నా, ఒక్కటే అంత బలమైన అడ్డు కాదు.

1928 తర్వాత గొలుసు ఎటు పోయింది

1928 నవంబరు 1న టర్కీ పార్లమెంటు లాటిన్ లిపిని చట్టం చేసింది. ఒక్క దెబ్బకు ఖత్తాత్‌లకు పని పోయింది. 1914లో పెట్టిన ఖత్తాత్‌ల పాఠశాల పేరు మార్చుకుంటూ, చివరికి 1936లో లలితకళల అకాడమీలో ఒక విభాగంగా మిగిలింది. నెజ్మెద్దీన్ ఓక్యాయ్ (1883–1976) గులాబీలు పెంచుతూ, నీటిమీద రంగులు తేల్చి అద్దే అబ్రీ కాగితాలు చేస్తూ, అడిగినవాడికి నేర్పుతూ కాలం గడిపాడు. హామిద్ ఐతాచ్ (1891–1982) ఇస్తాంబుల్‌లో చిన్న దుకాణంలో విజిటింగ్ కార్డులు, లేబుళ్ళు చేసుకుంటూనే మసీదులకు రాశాడు.

ఇక్కడ అక్కరకొచ్చింది ఇజాజత్, అంటే గురువు అనుమతిపత్రం ఇచ్చే పద్ధతి. నేర్చుకోవడం ‘ప్రభూ, సులువు చెయ్యి, కష్టం చెయ్యకు’ అనే ప్రార్థన రాయడంతో మొదలవుతుంది. తర్వాత విడి అక్షరాలు, జంట అక్షరాలు, వాక్యాలు. ఏళ్ళు పడుతుంది. ఫీజు తీసుకోరు. చివర శిష్యుడు పాత గురువు రాతకు నకలు రాస్తే, దాని కిందనే గురువు ‘ఇతను సంతకం చెయ్యచ్చు’ అని రాసిస్తాడు. అంతవరకు తన రాత కింద పేరు పెట్టుకునే హక్కు లేదు. రాజ్యం పోయినా, లిపి పోయినా, ఈ కాగితం చెల్లుతూనే ఉంది, ఎందుకంటే దాన్ని ఇచ్చింది రాజ్యం కాదు.

హామిద్ దగ్గర ఇజాజత్ పుచ్చుకున్నవారిలో బాగ్దాద్ నుంచి వచ్చిన హాషిమ్ ముహమ్మద్ ఒకడు. తర్వాత అతని అభ్యాస పుస్తకమే అరబ్ దేశాల్లో చాలామందికి పాఠం అయ్యింది. ఇది అరబ్బుల కళా, టర్కీ కళా అని తేల్చాలనుకునేవారు ముందు ఈయన్ని ఏ ఖాతాలో వేస్తారో చెప్పాలి. హామిద్ శిష్యుడు హసన్ చెలెబీ (16వ శతాబ్దపు ఆయన కాదు, అదే పేరున్న మన కాలపువాడు) కాలిఫోర్నియాకు చెందిన మొహమ్మద్ జకారియాకు 1988లో ఇజాజత్ ఇచ్చాడు. అమెరికా తపాలాశాఖ 2001లో విడుదల చేసిన ఈద్ స్టాంపు మీది రాత జకారియాదే, సులుస్ లిపిలో.

మన హైదరాబాద్ ఈ గొలుసులోకి రాదు. ఛత్తాబజార్‌లో పెళ్ళిపత్రికలు రాసే కాతిబ్‌ల నస్తాలీఖ్ లిపి, ఇరాన్ నుంచి దక్కన్‌కు దిగిన వేరే శాఖ. అదే లిపి ఇస్తాంబుల్‌కూ చేరి ‘తాలీక్’ అనిపించుకుంది. కుడిపక్క పక్షవాతంతో పుట్టి, ఎడమచేత్తో రాసిన ఎసద్ యెసారీ (1798లో చనిపోయాడు), ఆయన కొడుకు కలిసి దాన్ని ఇరానీ బాణీ నుంచి విడదీసి టర్కీ బాణీ చేశారు. ఎలా చేశారంటే, ఇరానీ ఉస్తాదు మీర్ ఇమాద్ రాతలోంచి నచ్చిన అక్షరాలు ఏరి.